ఆప్తవాక్యమా? ధూర్తవాక్యమా?





మేకను భుజముపై మోసికొని పోవు బ్రాహ్మణుని కథ మనమందరము చిన్ననాట విన్నదే. ముగ్గురు ధూర్తులు దూరదూరముగా నిలిచి, ఒకరి తరువాత ఒకరు, కుక్కను మోయుచున్నావేమని అడిగిరి. మొదటివానిని ఆయన కసరినాడు. రెండవవాని మాటకు సందేహించినాడు. మూడవవాని మాటకు మేకను దింపి వెడలిపోయినాడు. మేక మారలేదు, మారినది ఆయన బుద్ధి.

ఆ ముగ్గురే నేడు ఫోనులో వచ్చుచున్నారు. మీ పేర మాదకద్రవ్యముల పార్సిలు దొరికినదని ఒకడు చెప్పును. పోలీసు దుస్తులతో రెండవవాడు వీడియోలో కనబడును. సి.బి.ఐ. అధికారిననో, న్యాయమూర్తిననో మూడవవాడు పలుకును. ఇది "డిజిటల్ అరెస్టు" అట! ఇంటివారికి చెప్పరాదట, డబ్బంతయు వారి ఖాతాకు పంపవలెనట. మన చట్టములో అట్టి అరెస్టు లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగములో ఈ సంగతినే జాతికి తెలిపి, ముందు ఆగి ఆలోచింపుమని కోరిరి.

మాకును అట్టి ఫోను వచ్చినది. నలుగురికి శాస్త్రము చెప్పు మాకే పది నిమిషములు చేయి వణకినది. కోడలు వచ్చి, "మామయ్యగారూ, ఏ స్టేషనో అడగండి, మనమే వెళ్లుదము" అన్నది. అవతలివాడు ఫోను పెట్టివేసినాడు. మమ్ము కాపాడినది మా పాండిత్యము కాదు, ఆ చిన్న ప్రశ్న.

గౌతమ మహర్షి న్యాయదర్శనము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పినది. ఒకరి మాట ప్రమాణము కావలెనన్న ఆ చెప్పువాడు ఆప్తుడై యుండవలెను. అనగా విషయమును ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినట్లే చెప్పువాడు. ముఖమెరుగనివాడు, తొందరపెట్టువాడు ఆప్తుడెట్లగును? ఫోనులో కనబడు దుస్తులు ప్రత్యక్షము కావు. స్వయముగా స్టేషనుకో, బ్యాంకుకో పోయి చూచినదే ప్రత్యక్షము.

వాడుకలో అనుమానమన్న సందేహము. శాస్త్రములో హేతువునుబట్టి నిశ్చయించుట. రెండును మనకు కావలెను. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. కనుక, డబ్బు వేసెదము, పిన్ కొట్టుమనువాడు ఇచ్చువాడు కాడు, తీసికొనువాడు. ఇక ఉపమానము. విద్యార్థులారా! ఇంటినుండి స్వల్పమైన పని అని చెప్పి, మొదట కొన్ని వందలు చేతిలో పెట్టి, పిదప వేలు కట్టుమనువారు కలరు. ఆ తొలి వందలే బంగారు లేడి అని గుర్తింపుడు.

అయినను ఎవరైనా మోసపోయిన, వారిని హేళన చేయరాదు. వారు సిగ్గుతో దాచిన ప్రతి గడియ దొంగకు లాభము, ఏలయన సొమ్ము ఖాతానుండి ఖాతాకు క్షణములలో పారిపోవును. వెంటనే 1930కి ఫోను చేసిన, దానిని దారిలో నిలుపు అవకాశము కలదు. కావున బాధితునికి ముందు ధైర్యము చెప్పి, ఆ సంఖ్యకు ఫోను చేయింపుడు.

తార్ అనగా తీగ, నాకా అనగా రాకపోకలను తనిఖీచేయు చోటు. తార్నాకకు ఆ పేరు అట్లు వచ్చినదందురు. మన మనస్సునకును అట్టి నాకా ఒకటి కావలెను. భయమైనను, ఆశయైనను అచ్చట ఒక్క నిమిషము ఆగి, తానెవరో చెప్పి లోనికి రావలెను. ఆ కావలివానికే పెద్దలు వివేకమని పేరు పెట్టిరి.

స్వస్తి.