పార్కులోని కోకిల



ముప్పది యేండ్లు పల్లెటూరి బడిలో తెలుగు చెప్పితిని. అమరకోశమున కోకిలకు పరభృతమను పేరు కలదు. పరులచే పోషింపబడినది యని దాని కర్థము. అంతవరకు సరిగనే చెప్పితిని. కాని, కవులు కోకిలను స్త్రీగా వర్ణించుట చదివినవాడ నగుటచే, పాడునది ఆడుకోకిల యనియు బోధించితిని. ఒకనాడు వెనుక వరుస బాలుడొకడు లేచి, "కూసేది మగదండీ, పంతులుగారూ! ఆడది నల్లగా ఉండదు, చుక్కలపిట్ట" అనెను. వానిని బెంచీ యెక్కించితిని.

ఉద్యోగము విరమించి యిప్పుడు విజయవాడలో కుమారునియొద్ద నున్నాను. ప్రాతఃకాలమున రాఘవయ్య పార్కునకు పోవుదును. అచ్చట ఉడుతలు, గోరువంకలు, చిలుకలు కలవు గాని, నిరుటి వేసవిలో నా చూపంతయు ఒక వేపచెట్టుమీది కాకిగూటిపైననే నిలిచినది. ఎఱ్ఱని కన్నులుగల నల్లని పక్షి కొమ్మచివర కూర్చుండి కూయసాగెను. కాకులు రెండును దానిని తరుముకొని పోయినవి. ఆ సందున, గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలుగల వేఱొక పక్షి ఆకుల మాటునుండి చడిచేయక వచ్చి గూటిలో వ్రాలి, క్షణములో మరలిపోయెను. నేను బల్లపై కూలబడితిని.

కోకిల గ్రుడ్డు కాకి గ్రుడ్డుకంటె చిన్నది. అది 12 మొదలు 14 దినములలో పిల్లయగును. కాకి గ్రుడ్డునకు 16 దినములైనను పట్టును. ముందు పుట్టినది ముందు నోరు తెఱచును గదా! నెల దాటినపిదప, వీపున చుక్కలుగల పిల్లకు కాకి నోటి కందించుచుండగా చూచితిని. కాకి మిక్కిలి జాణయని మన మందుము!

ఆ బాలున కిప్పుడు ఏబది యేండ్లకు తక్కువ యుండవు. వాని పేరు నాకు జ్ఞాపకమే, రేడియోలో చెప్పను. ఈ మాట వాని చెవిని పడినచో, నాయనా, ఇక బెంచీ దిగుము.