మే డే నాడు ఏ పాట పాడాలి?

(యూనియన్ వార్షిక సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి, పి.ఎఫ్. సంగతి అధ్యక్షులవారు చెప్పారు. నేను పాట సంగతి మాట్లాడతాను. నవ్వకండి. మొన్న మే డే సభలో పాట దగ్గరే కదా తగాదా వచ్చింది! పెద్దవాళ్ళు "మా తెలుగు తల్లికి" అందుకుంటే, కుర్రవాళ్ళు "జయ జయహే తెలంగాణ" కావాలని లేచి బయటికి పోయారు. కూలి రేట్ల దగ్గర ఎన్నడూ విడిపోనివాళ్ళం పాట దగ్గర విడిపోయామంటే అది చిన్న విషయం కాదు.

"మా తెలుగు తల్లికి" పాటను తిరుపతికి చెందిన శంకరంబాడి సుందరాచారి గారు 1942లో 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమాలో వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గారు గ్రామఫోను రికార్డుకు పాడాక ఊరూరా మోగింది. చివరికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. రాసినాయన ఎవరనుకున్నారు? హోటల్లో సర్వరుగా, రైల్వే కూలీగా కూడా పనిచేసిన మనిషి.

షోలాపూర్‌లో పుట్టిన నాకు తెలుగునేల అంటే ఆ పాటే. బడిలో పొద్దున్నే పాడించేవారు. పాటలో విన్న గోదావరిని ఇరవై ఏళ్ళ తర్వాత గానీ కళ్ళారా చూడలేదు. రైలు వంతెన ఎక్కగానే "ఇది మన నది" అనుకున్నాను. మా తాతది నల్లగొండ పక్క పల్లె, గోదావరి ఒడ్డు కాదు. మరి మనదని ఎవరు చెప్పారు నాకు? ఆ పాటే చెప్పింది.

కుర్రవాళ్ళ మాటా వినాలి. ఆ పాట పుట్టిన నాటికి కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో, తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో, ఆ పాటలో తాము లేమని చాలామంది అన్నారు. అప్పుడు నోటినోటా పాకిందే అందెశ్రీ గారి "జయ జయహే తెలంగాణ". 2024లో రాష్ట్ర గీతమైంది. ఆయన బడి మొహం చూడలేదు. గొర్లు కాశారు, తాపీ పని చేశారు. ఆయన పాటలో కొమురం భీముడున్నాడు, సుందరాచారి గారి పాటలో లేడు. రుద్రమ మాత్రం రెండింటిలోనూ ఉంది! రాసినవాళ్ళిద్దరూ కష్టం చేసి బతికినవాళ్ళే. మనం ఎవరి మీద అలిగి లేచిపోయినట్టు?

నా ఫిర్యాదు వేరే. "మా తెలుగు తల్లికి"లో రాజు, రాణి, మంత్రి, కవి అందరూ ఉన్నారు గానీ మగ్గం లేదు. అది గురజాడ అప్పారావు గారి దగ్గర దొరికింది. 1910 ప్రాంతంలో రాసిన "దేశభక్తి" గేయంలో ఆయన దేశాన్ని నేలలో వెతకలేదు, జనంలో చూశారు. వాళ్ళకు కడుపునిండా తిండి ఉండాలన్నారు, పనితనం నేర్చి మన సరుకు మనమే చేసుకోవాలన్నారు. విదేశీ బట్ట తగలబెడుతున్న స్వదేశీ రోజులవి. ఆయన ఆ గేయంలో తగలబెట్టమనలేదు, తయారు చెయ్యమన్నారు. ఈ మాట మిల్లులో పనిచేసేవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఆయనా కోస్తావాడే కదా అంటారు. నిజమే, విజయనగరం. కానీ ఆ గేయంలో ఒక్క ఊరి పేరూ లేదు, ఒక్క రాజు పేరూ లేదు.

కమిటీ ప్రతిపాదన ఇది. వచ్చే మే డేకి ముందు గురజాడ గేయం అందరం కలిసి పాడదాం. తర్వాత "జయ జయహే" పెద్దవాళ్ళు పాడాలి, "మా తెలుగు తల్లికి" కుర్రవాళ్ళు పాడాలి. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఆఫీసులో ప్రాక్టీసు. హార్మోనియంలో రెండు మెట్లు పలకడం లేదు, బాగుచేయించడానికి తలా పది రూపాయలు తెండి.