పదిమంది నడిచే రేవు – పది రూపాయలు వచ్చే దారి

(అమలాపురంలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్‌నెట్‌లో నలుగురూ వచ్చే చిరునామా ఒకటి చేతిలో ఉంటే దాని మీద ఆదాయం ఏ పద్ధతిలో రాబట్టుకోవాలన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. పెన్షనర్ల సభలో ఈ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే ఇలాంటి పనులకు మన పిల్లలూ మనవలూ పెట్టుబడి అడిగేది మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములోంచే. సంతకం పెట్టేది మనం గనుక లెక్క మనకూ తెలిసి ఉండాలి.

ఈ చిరునామానే డొమైన్ అంటారు. ఏటేటా రుసుము కట్టి మన పేరున నమోదు చేయించుకోవాలి. గడువు దాటితే ఇంకొకరు పట్టుకుపోవచ్చు. అంటే ఇది జిరాయితీ భూమి లాంటిది కాదు, శిస్తు కట్టినంతకాలం అనుభవించే హక్కు మాత్రమే.

దీనికి విలువ ఉంటుందా అని అడిగేవారికి మన తెలుగువారికి సంబంధించిన ఉదాహరణే చెబుతాను. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధ సంస్థ అయిన సత్యం ఇన్ఫోవే 1999 నవంబరులో రాజేష్ జైన్ గారి ఇండియావరల్డ్ సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చి అనే చిరునామాలు అందులోవే. ఆ ధర వచ్చిపోయే జనాన్ని చూసి కట్టింది. మరుసటి సంవత్సరమే ప్రపంచమంతటా ఇంటర్‌నెట్ కంపెనీల వాటాలు కుప్పకూలాయి. ఒక్క సంవత్సరం తేడాలో బేరం ఎలా మారిపోతుందో చూడండి.

జనం రావడం వేరు, డబ్బు రావడం వేరు. మన సఖినేటిపల్లి రేవు తీసుకోండి. అక్కడికి వచ్చేవాడు నరసాపురం వెళ్ళడానికి పంటి ఎక్కేందుకే వస్తాడు గనుక రేవు పాటకు ధర పలుకుతుంది. అంతర్వేది తీర్థంలో అంతకన్నా ఎక్కువ జనం ఉంటారు. కాని వారు స్వామి దర్శనానికి వచ్చినవారు. అక్కడ కొబ్బరికాయల దుకాణం నడుస్తుంది గాని ఎరువుల దుకాణం నడవదు. కనుక మొదట వేసుకోవలసిన ప్రశ్న “ఎంతమంది?” అని కాదు, “ఏ పని మీద వస్తున్నారు?” అని.

ఇక పద్ధతులు ఆరు. మొదటిది ప్రకటనలు. రేవు దగ్గర గోడను బొమ్మలకు అద్దెకిచ్చినట్లు. గూగుల్ సంస్థ 2003లో యాడ్‌సెన్స్ పేరుతో దీన్ని చిన్నవారికి కూడా అందుబాటులోకి తెచ్చింది. తెలుగు పుటలకు ఆ సౌకర్యం 2018లో వచ్చింది. ఖాతాలో 100 డాలర్లు చేరితేనే సొమ్ము పంపుతారు. రెండవది కమీషను. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో దళారీ పని ఇదే. సరుకు మనది కాదు, బేరం కుదిర్చినందుకు ప్రతిఫలం. మూడవది సొంత సరుకు అమ్మడం. నాలుగవది పత్రికకు కట్టినట్లు చందా. అయిదవది కొబ్బరితోటను కౌలుకిచ్చినట్లు చిరునామాను అద్దెకివ్వడం. ఆరవది అమ్మివేయడం.

వీటిని మా ఇంటి లెక్కతోనే వివరిస్తాను. కొత్తపేటలో ఉంటున్న మా మనవరాలు మన ప్రాంతపు తీర్థాల తేదీలు, పిండివంటల తయారీ ఒక చిరునామాలో పెడుతూ వచ్చింది. నెలకు సుమారు 40 వేలమంది వచ్చి లక్ష పుటలు చూసే స్థితికి చేరింది. “తాతగారూ, మీ డిపాజిట్లోంచి 3 లక్షలు ఇస్తే సొంతంగా పూతరేకుల వ్యాపారం పెడతాను” అంది. ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీతోనే మా ఇద్దరి మందులు కొంటున్నాము. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు అప్పుల దరఖాస్తులు చూసినవాణ్ణి గనుక, కాగితం తెమ్మని ఆరు గళ్ళు గీశాము.

ప్రకటనలకు వెయ్యి పుటలకు 50 రూపాయలనుకుంటే నెలకు 5 వేలు. ఈ రేటు రోజూ మారుతుంది. కమీషను చూస్తే, 400 మందిలో ఒకరు 400 రూపాయల పూతరేకుల పెట్టె కొన్నా 100 పెట్టెలు, 40 వేల అమ్మకం. నూటికి పది చొప్పున 4 వేలు. సొంతంగా అమ్మితే పెట్టెకు 80 రూపాయలు మిగిలి 8 వేలు కనిపిస్తుంది. కాని పూతరేకు ఎంత పలచనో మీకు తెలుసు. పార్శిలులో విరిగినవాటి నష్టం, అమ్ముడుపోని సరుకు, జీతాలు మన నెత్తినే పడతాయి. చందా పెడితే ఎవరూ కట్టరు, తీర్థం తేదీ పంచాంగంలోనూ దొరుకుతుంది. ఒకాయన నెలకు 6 వేలు అద్దె ఇస్తానన్నాడు. ఆ పేరు మీద ఆయన ఏమి రాసినా మాట పడేది మా అమ్మాయి. ఇంకొక మధ్యవర్తి లక్షన్నరకు కొంటానన్నాడు. మొదటి రెండు పద్ధతులూ కలిపితే 9 వేలు, అంటే పదిహేడు నెలల రాబడికే కొమ్మతో సహా చెట్టు అడిగినట్లు.

ఈ సందర్భంలో కరీబియన్ సముద్రంలోని అంగ్విలా అనే చిన్న దీవి సంగతి చెప్పాలి. దేశాలవారీగా అక్షరాలు కేటాయించినప్పుడు వారికి డాట్ ఏఐ వచ్చింది. కృత్రిమ మేధ గిరాకీ పెరిగాక ప్రపంచంలోని కంపెనీలన్నీ ఆ పేర్ల కోసం ఎగబడ్డాయి. 2023లో ఆ ప్రభుత్వానికి దీనివల్ల సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు వచ్చాయి. అది వారి మొత్తం ఆదాయంలో అయిదోవంతుకు పైమాటే. వారు ఆ హక్కును తెగనమ్ముకోలేదు. పేరుకింత అని రుసుము తీసుకుంటున్నారు.

మేము ప్రకటనలు, కమీషను ఎంచుకున్నాము. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక అక్కడి తయారీదారుల సరుకే చూపించాలని నిర్ణయించుకున్నాము. 3 లక్షలకు బదులు 30 వేలు, అదీ నోటు రాయించుకుని ఇచ్చాను. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. మాట్లాడకుండా రెండు రోజులు గడిపింది. ఏడాది తిరిగేసరికి లెక్క చూస్తే సంక్రాంతి, మాఘమాసాల్లో ప్రకటనల సొమ్ము మూడింతలయింది, ఆషాఢంలో సగానికి పడింది. పెళ్ళిళ్ళ నెలల్లో కమీషను నిలబెట్టింది. అప్పు తీరింది, డిపాజిట్ కదలలేదు.

చివరిగా నాలుగు జాగ్రత్తలు మనవి చేస్తాను. చిరునామా నమోదు మన పిల్లల పేరుననే ఉండాలి, తయారుచేసిపెట్టినవాడి పేరున కాదు. ఇంకొకరి పేరును పోలిన పేరు కొనవద్దు. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కులాంటి రక్షణ ఉందని సత్యం ఇన్ఫోవే కేసులోనే సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. దేవస్థానం అనుమతి లేకుండా సేవలకు, గదులకు సొమ్ము వసూలు చేయరాదు. వచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కలో చూపాలి.

ఇంకొక్క మాట. యానాం–ఎదుర్లంక వారధి 2002లో తెరుచుకున్నాక అక్కడి రేవు మీద ఆధారపడవలసిన అవసరం తీరిపోయింది. అలాగే 2024 నుండి గూగుల్ వెతుకులాటలో జవాబు పైనే కనిపిస్తున్నది. చాలామంది లోపలి పుటదాకా రావడం లేదు. వారధి పడినా జనం మన గట్టుకే రావాలంటే మన దగ్గర మాత్రమే దొరికేది ఏదో ఉండాలి. పిల్లలు పెట్టుబడి అడిగినప్పుడు కసురుకోకండి, కళ్ళు మూసుకుని సంతకమూ పెట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఆరు గళ్ళు గీయించండి.