బంతియాటగాండ్ర పరీక్ష



అమెరికా దేశమున ఫుట్‌బాలు అనునది మన పల్లెలలో బాలురు కాలితో తన్ను బంతియాట కాదు. అందు బంతి కోలగా నుండును. దానిని చంకబెట్టుకొని పరుగిడుదురు, దూరముగా విసరుదురు. ఎదిరిపక్షమువారు మీదబడి కూలద్రోయుదురు. ఆ దేశపు యువకులు కళాశాలల పక్షమున ఈ యాట నాడి పేరు గడింతురు. వారిలో మేటివారిని జీతమిచ్చి యాడించు జట్లు 32 కలవు. ఏ విద్యార్థి యట్టి జీతమునకు దగినవాడో ముందుగా నెరుగుట యెట్లు? ఈ సంగతియే నేడు మనవి చేయదలచితిని.

జట్లవారు ఏటేట ఏడు చుట్టులుగా, వంతు ప్రకారము, విద్యార్థుల నెన్నుకొందురు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ సూచింపగా 1936లో ఈ పద్ధతి మొదలయ్యెను. క్రిందటి యేడు అందరికంటె నెక్కువగా ఓడిన జట్టుది మొదటి వంతు. బలహీనులు బలపడవలెనని యుద్దేశము. తొలియేట మొట్టమొదట నెన్నికయైన జే బెర్వాంగర్ జీతపుటాటలో అడుగే పెట్టలేదు. పిల్లనడుగకయే ముహూర్తము నిశ్చయించినట్లయ్యెను!

ఇక పరీక్ష మాట. 1987 మొదలు ఇండియానాపొలిస్ నగరమున మూడువందలమందికి పైగా యువకులను రావించి దీనిని జరుపుచున్నారు. ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు కొలుతురు. 40 గజముల పరుగునకు పట్టిన కాలమును సెకనులో నూరవవంతు వరకు లెక్కింతురు. వెల్లకిల పరుండి 225 పౌనుల బరువును, అనగా 102 కిలోగ్రాములను, ఎన్నిమారులెత్తగలడో చూతురు. వైద్యులు పాతగాయములు తడవి చూతురు. సంతలో కోడెను కొనువాడును ఇట్లే పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. అరక కట్టినపుడు అది గట్టినేలలో మొరాయించునో లేదో పండ్లు చెప్పవు.

బంతి విసరు నాయకుని విషయమున ఈ చిక్కు మరింత హెచ్చు. అతనిని క్వార్టర్‌బ్యాక్ అందురు. భారీశరీరులు మీదికి దూకుచుండగా, ఎవరికి విసరవలెనో రెండుమూడు సెకనులలో అతడు నిర్ణయింపవలెను. ఆ స్థిమితమును ఏ గజముబద్ద కొలువగలదు? 2000లో మిచిగన్ విశ్వవిద్యాలయపు టామ్ బ్రేడీకి 40 గజములు పరుగిడుటకు 5.28 సెకనులు పట్టెను. దేహమును బక్కపలుచనిది. 198 మంది యెన్నికైన పిమ్మటగాని అతని పేరు రాలేదు. ఆ బ్రేడీయే ఏడుమారులు తన జట్టును దేశవిజేతగా నిలిపెను. అంతకు రెండేండ్ల ముందు, 1998లో, పేటన్ మానింగ్, ర్యాన్ లీఫ్ అను నిరువురిలో ఎవరు మేలని నిపుణులు తర్జనభర్జన పడిరి. ఇరువురును మొదటి రెండు స్థానములలో నెన్నికైరి. మానింగ్ జట్టు అతని కాలమున రెండుమారులు దేశవిజేతయయ్యెను. లీఫ్ 2002 నాటికే ఆట విరమించెను.

అయితే బ్రేడీ కథ విని కొలతలన్నియు వట్టివని తలపరాదు. ఆలస్యముగా నెన్నికైనవారిలో పెక్కురు త్వరలోనే మరుగున పడుదురు. వారి కథ లెవరు చెప్పుదురు? కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను పండితులు 2013లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఒకే స్థానమున నాడువారిలో ముందెన్నికైనవాడు తన వెనువెంట నెన్నికైనవానికంటె మేలుగా నాడునను మాట, నాణెమెగురవేసి చెప్పిన జోస్యముకంటె కొంచెమే నమ్మదగినదని వారు తేల్చిరి. అయినను జట్లవారు మొదటి వంతులకు మితిమీరిన మూల్య మిచ్చుచున్నారు. తన చూపు తప్పదని ప్రతివాడును నమ్ముటయే దీనికి కారణమని నాకు తోచుచున్నది. పెద్దవంతు నొకదానిని విడిచి, మారుగా చిన్నవంతులు కొన్ని పుచ్చుకొనుట లాభకరమని ఆ పండితుల మతము.

జట్టువారి లెక్క తప్పినచో ధనము పోవును. యువకునికి పోవునది వేరు. ఉన్నతపాఠశాల విడిచి మూడేండ్లు గడచినగాని ఎన్నికకు అర్హత లేదు. అందుచే కళాశాలలో మూడవయేట నున్నవాడు పట్టము పొందకయే వెడలుటయో, నాలుగవయేడు నిలుచుటయో తేల్చుకొనవలసివచ్చును. వెడలినవాడు ఎన్నిక కానిచో కళాశాల జట్టు తలుపులు సాధారణముగా మూతపడును. నిలిచినవాని మోకాలు ఆ యేడే విరుగవచ్చును. ఇట్టివారు కోరినచో సలహా చెప్పుటకు జట్ల లీగువారు ఒక సంఘము నేర్పరచిరి. దాని జవాబు మూడు విధములు: మొదటి చుట్టులో నెన్నిక కావచ్చును, రెండవ చుట్టులో కావచ్చును, ఈ రెండును గానిచో కళాశాలలోనే యుండుము. మూడవ జవాబు వచ్చినను కొందరు బయలుదేరుచునే యున్నారు. ఎన్నిక దినములలో ఇంటిల్లిపాదియు ఆ పేరు వినబడునేమో యని చెవియొగ్గి కూర్చుందురు. ఏడు చుట్టులును ముగియునప్పటికి పిలువబడు పేర్లు సుమారు 250.