పది తప్పినోళ్లకు మన బాకీ

(ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగాల బస్సు దిగి ఇటు వస్తుంటె, అడ్డా మీద నిలబడ్డ కూలీలల్ల ఒకడు "అన్నా" అని పిలిచిండు. గుర్తుపట్టిన. 2011 సకల జనుల సమ్మెల మాతోని రోడ్డు మీద వంటావార్పుకు కట్టెలు మోసిన పిలగాడు. అప్పుడు తొమ్మిదిల ఉండె. "ఏం సదివినవు తమ్మీ" అంటె నవ్విండు. "పది తప్పిన అన్నా, గంతే" అన్నడు. ఇయ్యాల నేను ఆ "గంతే" గురించే మాట్లాడుత.

ఆ సమ్మె సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24 దాకా, 42 రోజులు నడిచింది. సింగరేణి ఆగింది, బస్సులు ఆగినయి, బడులు బందయినయి. అప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. బడి గేటు కాడ బంద్ నినాదం ఇచ్చినోళ్లల్ల నేనూ ఉన్న. దానికి సిగ్గుపడుత లేను. అసొంటి పోరాటాలు లేకుంటె 2014 జూన్ 2 వచ్చేది కాదు. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలె. పైసలున్న ఇండ్ల పిల్లలు ఆ రోజులను ట్యూషన్లతోని పూడ్చుకున్నరు. కైకిలోళ్ల పిల్లలకు ఆ దారి లేకుండె. ఆ తమ్ముడు ఒక్క సమ్మెతోనే పది తప్పిండని నేను అంటలేను. కానీ పోరాటానికి పిలిచినప్పుడు ఆయన ఇల్లు మనకు తెలుసు. రాష్ట్రం వచ్చినంక ఆ ఇంటికి మనం పోలేదు.

పది మెమో అంటె ఏంది?

పది మెమో ఒట్టి కాయితం కాదు. ఐటీఐల చాలా కోర్సులకు అది కావాలె. కరీంనగర్, నిజామాబాద్ అన్నలను అడగండి. పది పాస్ కానోళ్ల పాస్‌పోర్టు మీద, 1983 వలస చట్టం కింద, క్లియరెన్స్ కావాలనే ముద్ర పడుతది. గల్ఫ్‌ల కూలికి పోవాలంటె ముందుగాల అనుమతి తెచ్చుకోవాలె. ఆ నిబంధన పెట్టింది కూలోళ్ల రక్షణకే. కానీ ఆ అనుమతి తిప్పలు చూపిచ్చి ఏజెంటు జేబులు నింపుకుంటడు. పది పాసైతె ఆ ముద్ర ఉండదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. నియామకాల తలుపు కాడ మొదటి మెట్టు ఈ మెమోనే.

మరి పిల్లలు ఎందుకు తప్పుతున్నరు? తెలివి లేక కాదు. పాలమూరు నుంచి తల్లిదండ్రులు వలస పోతె పిల్లలు వెంట పోతరు. పత్తి విత్తన చేన్లల్ల పూలు క్రాసింగ్ చేసేతందుకు ఆడపిల్లలను తోలుకపోయిన చరిత్ర మనది. బీడీలు చుట్టే తల్లి పక్కన బిడ్డ కూసుంటది. ఆడపిల్ల పెద్దమనిషి అయితె పెండ్లి ముచ్చట మొదలయితది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేండ్ల దాకా, ఎనిమిదో తరగతి దాకా హామీ ఇస్తది. పిల్లలు జారిపోయేది మాత్రం తొమ్మిది, పదిలల్ల. హక్కు ఆగిన కాడనే బడి ఆగుతున్నది.

మన నేల చూపిన దారి

దారి లేదా అంటె ఉన్నది. అది మన నేల మీదనే పుట్టింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాల ఎం.వి.ఫౌండేషన్ వాళ్లు ఒక పని చేసిన్రు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నరు. పొద్దంత పని చేపిచ్చి రాత్రిబడికి తోలుడు వద్దన్నరు. ముందు పని మాన్పిచ్చి శిబిరానికి తెచ్చిన్రు. మొదలు పాటలు, ఆటలు, కథలు. బడి అంటె భయం పోయినంక అక్షరాలు, లెక్కలు. ఆ తర్వాత వయసుకు తగ్గ తరగతిల, ప్రభుత్వ బడిలనే చేర్పిచ్చిన్రు. పన్నెండేండ్ల పిల్లను ఒకటో తరగతి పిల్లల పక్కన కూసోబెట్టి సిగ్గుపడేటట్టు చేయలేదు. ప్రభుత్వ టీచర్లే వాళ్లతోని కలిసి నడిచిన్రు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003ల మెగసెసె అవార్డు వచ్చింది. వయసుకు తగ్గ తరగతి, అందుకు ప్రత్యేక శిక్షణ అన్న మాట విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌ల కూడా ఉన్నది.

పెద్ద పిల్లలకు ఇంకో దారి ఓపెన్ స్కూల్. 1979ల సీబీఎస్ఈ ప్రాజెక్టుగ మొదలై, 1989ల జాతీయ సంస్థ అయింది. ఉమ్మడి రాష్ట్రంల 1991ల ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. 2008-09 నుంచి పది, 2010-11 నుంచి ఇంటర్ మొదలుపెట్టిన్రు. ఇప్పుడు మనకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నది. పద్నాలుగేండ్లు నిండితె పదిల చేరొచ్చు. పై వయసుకు హద్దు లేదు. అన్ని సబ్జెక్టులు ఒక్కసారే గట్టెక్కాలని లేదు. పాసైనవి అట్లనే ఉంటయి, మిగిలినవి మళ్ల రాసుకోవచ్చు. ఆదివారాలు, సెలవు దినాలల్ల తరగతులు. తెలుగుల, ఉర్దూల, ఇంగ్లీషుల రాయొచ్చు. కూలికి పోయెటోనికి, సంసారం చేసుకునే అక్కకు ఇంతకన్న తగిన బడి లేదు.

దీని మోసం గూడ చెప్పాలె

అయితె దీన్ని ఖరాబు చేసినోళ్లు గూడ ఉన్నరు. "పాస్ గ్యారంటీ" అని బేరం పెట్టే దళారులు ఉన్నరు. కాయితాల మీదనే నడిచే ఆదివారం తరగతులు ఉన్నయి. చూచిరాతతోని వచ్చిన మెమో, దుకాణంల లెక్క రాసే కాడనే నవ్వులపాలయితది. నేర్పకుండ ఇచ్చే సర్టిఫికెట్ పేదోని మీద చేసే ఇంకో మోసమే.

ఇంకొకటి. రెగ్యులర్ బడి తన ఫలితాల శాతం కోసం సదువు మందగించిన పిల్లను ఓపెన్‌కు తోలేసే ప్రమాదం ఉన్నది. ఢిల్లీ ప్రభుత్వ బడులల్ల తొమ్మిది పదేపదే తప్పిన పిల్లలను ఓపెన్, కరస్పాండెన్స్ దారికి పంపుడు మీద పెద్ద చర్చే నడిచింది. ఓపెన్ స్కూల్ బడి విడిచినోళ్లకు తలుపు కావాలె గానీ, బడిల ఉన్నోళ్లను బయటికి నూకే గేటు కావద్దు.

సార్లూ, మీ హాజరు పట్టీ చూడండి. పత్తి ఏరే రోజులల్ల ఎవల పేరు కాడ గైర్హాజరు వరుసగ పడుతున్నదో, వచ్చే ఏడు బడి విడిచేది ఆ పిల్లనే. జాడ అప్పుడే దొరుకుతది. ఆ వారమే ఇంటికి పోవాలె. పది తప్పినోళ్లకు ఫలితాలొచ్చిన కొద్ది వారాలకే సప్లిమెంటరీ ఉంటది. ఫీజు గడువు దాటేలోపల ఆ పిలగాడు ఏ సెంట్రింగ్ పనిలనో తేలుతడు. ఉద్యోగ సంఘాల అన్నలూ, ఆ ఫీజు మీకు ఒక చాయ్ లెక్క. విద్యార్థి తమ్ముళ్లూ, మీ ఊర్లె గడప గడప తిరిగి బడి విడిచినోళ్ల పేర్లు రాయండి. నెలకు రెండు ఆదివారాలు ఇయ్యండి. పత్రికల మేము ఆదివారం తరగతి నిజంగ నడుస్తున్నదా లేదా పోయి చూసి రాస్తం. ప్రభుత్వాన్ని గూడ అడుగుదం: విద్యాహక్కు పన్నెండో తరగతి దాకా కావాలె, వలస పల్లెలల్ల హాస్టళ్లు పంట కాలానికి ముందే తెరవాలె.

పొద్దున అడ్డా మీద ఆ తమ్ముడు అడిగిండు: "ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలన్నా, ఇంక అయితదా?" అయితదని చెప్పిన. వచ్చే ఆదివారం అప్లికేషన్ పట్టుకొని వాళ్లింటికి పోతున్న. ఈ సభల ఉన్న ప్రతి ఒక్కరు ఒక ఇంటికి పోతె, మనం రోడ్డు మీదికి పిలిచిన పిల్లలకు కొంతన్నా బాకీ తీరుతది.

జై తెలంగాణ.