చిన్న వోల్టేజీ, పెద్ద తీగ

పూర్వం కరెంటు రాని పల్లెలలో రేడియో బ్యాటరీల మీదనే పాడేది. దానికి కావలసిన విద్యుత్తు అత్యల్పం. సన్నని తీగ చాలేది. ఆనాటి అనుభవం వల్లనో ఏమో, బ్యాటరీ తీగ అనగానే ఏదో ఒకటి చాలునన్న భావం మనలో నాటుకొన్నది. నేటి ఇంటి బ్యాటరీ విషయంలో ఆ భావం ప్రమాదకరం.

1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువ క్రింద సాగు విస్తరించిన హాలియా ప్రాంతంలో, ఊరికి ఎడంగా పొలం నడుమ ఇల్లు కట్టుకొన్న రైతును ఒకరిని ఊహించుకొందాం. కరెంటు స్తంభం అక్కడికి చేరలేదు. అతడు ఇంటిమీద సోలార్ పలకలు పరచి, 12 వోల్టుల బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టుకొన్నాడు. నాలుగు ఫ్యాన్లు, దీపాలు, మిక్సీ కలిసి 800 వాట్లు. 230 వోల్టుల వద్ద దీనికి నాలుగు ఆంపియర్లయినా అక్కరలేదు. 12 వోల్టుల వద్దనో, ఇన్వర్టర్‌లో జరిగే నష్టం కూడా కలుపుకొంటే, 80 ఆంపియర్లు కావలెను. వాలు తక్కువైన చోట అంతే నీరు పారవలెనంటే కాలువ వెడల్పు కావలసినట్లే, వోల్టేజీ తక్కువైన చోట తీగ లావు కావలెను.

ఇంటి గోడలలో వేయగా మిగిలిన 4 స్క్వేరు తీగను, అనగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను, అతడు బ్యాటరీకి తగిలించినాడనుకొందాం. దూరం రెండు మీటర్లు. పోను రాను నాలుగు. ఆ తీగలోనే ఒకటిన్నర వోల్టు హరించుకుపోతుంది. 12 వోల్టులు ఇన్వర్టర్‌ను చేరేసరికి పదిన్నరకు దిగుతాయి. బ్యాటరీ ఖాళీ అయినదని భ్రమించి ఇన్వర్టర్ ఆగిపోతుంది. రైతు కొత్త బ్యాటరీకై అంగడికి పోతాడు. తప్పు తీగది, శిక్ష బ్యాటరీకి!

ఇంతకన్న పెద్ద కీడు మరొకటి ఉన్నది. ఆ తీగలో నూరు వాట్లకు మించిన వేడి పుట్టి, ప్లాస్టిక్ తొడుగు కరిగి, నిప్పు అంటుకొనవచ్చు. 12 వోల్టులు షాకు కొట్టవు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. షాకు కొట్టని విద్యుత్తు కూడా ఇల్లు కాల్చగలదు.

మరి ఎంత లావు తీగ? 25 స్క్వేరు తీగ వేస్తే వోల్టేజీ నష్టం పావు వోల్టుకు తగ్గుతుంది. అది చాలుననిపిస్తుంది. కాని రెండు సంగతులు చూడవలెను. మన దేశంలో తీగల సామర్థ్యపు పట్టికలు సాధారణంగా 40 డిగ్రీల గాలి వేడికి వ్రాసినవి. నల్లగొండ జిల్లాలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం కలదు; అప్పుడు సామర్థ్యం దాదాపు పదవ వంతు తగ్గుతుంది. రెండవది ఫ్యూజు. 80 ఆంపియర్ల భారానికి 100 ఆంపియర్ల ఫ్యూజు వేస్తాము. ఫ్యూజుకన్న తీగ బలమైనదై ఉండవలెను. లేకపోతే ఫ్యూజు పోకముందే తీగ కాలుతుంది. ఈ రెండూ చూచినప్పుడు 35 స్క్వేరు తీగ వేయడమే వివేకం. ఆ ఫ్యూజు డి.సి. విద్యుత్తుకు తగినదై, బ్యాటరీ పాజిటివ్ కొనకు వీలైనంత దగ్గరగా ఉండవలెను.

కొనేటప్పుడు తొడుగుపై ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 694 అన్న సంఖ్య, చదరపు మిల్లీమీటర్ల లెక్క ముద్రించి ఉన్నవో లేవో చూడండి. సోలార్ పలకల నుండి ఎండలో దిగే తీగకు ఐ.ఎస్. 17293 అన్న ప్రమాణం వేరుగా ఉన్నది. తీగ కొనను గీకి చూడండి. పైన రాగి పూత, లోపల తెల్లని అల్యూమినియం కనిపిస్తే వదలివేయండి. సన్నని పోచలు పెక్కు కలిసిన మెత్తని తీగనే ఎన్నుకొని, కొనలకు సరియైన లగ్గులు నొక్కించండి. చేతితో మెలిపెట్టిన వదులు ముడి ఎంత మంచి తీగనైనా చెరుపుతుంది.

1985లో మొదట వెలువడి 2023లో సవరింపబడిన జాతీయ విద్యుత్ నియమావళి ఉద్దేశం కూడా ఇదే: భారానికి తగిన తీగ, తీగకు తగిన రక్షణ. కనుక హాలియాలోనైనా, మిర్యాలగూడలోనైనా, అంగడిలో తీగ ధర అడగడానికి ముందు ఎన్ని ఆంపియర్లు, ఎంత దూరం అని లెక్క వేసుకొనండి. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోకుండా ఆ చిన్న లెక్క కాపాడుతుంది.