పక్కింటి పది



పట్టాలు అందుకున్న ఛాత్రోపాధ్యాయులారా, మీలో తాండూరు వాళ్లు చాలామంది ఉన్నారు. నాపరాయి గని అంచున ఒక్కసారైనా నిలబడే ఉంటారు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పనిలో కొత్తగా చేరిన మనిషి ముందు చూస్తాడు. మేస్త్రీ ఉలి ఎక్కడ పెట్టాడు, సుత్తి ఎంత మెల్లగా వేశాడు, చప్పుడు మారగానే చెయ్యి ఎట్లా ఆపాడు అని. ఉలి తన చేతికొచ్చిన రోజు బండ అడ్డంగా విరుగుతుంది. మంచి మేస్త్రీ అయితే అరవడు, అదే దెబ్బ మళ్లీ వేసి చూపిస్తాడు.

ఇట్లా చూసి నేర్చుకోవడం మీదే 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా, ఆయన సహచరులు 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది తర్వాత అట్లాగే కొట్టారు, ఆ మాటలే అన్నారు. కొట్టమని వాళ్లకెవరూ చెప్పలేదు. క్లాసులో పుస్తకం విసిరికొట్టే టీచరు ఆ పూట ఏ పాఠం చెప్పినట్టో ఆలోచించండి.

వికారాబాద్ దగ్గరి బడిలో నేను మూడో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ని. 52లోంచి 27 తీసెయ్యాలి. నేను బోర్డు మీద తప్పు లేకుండా ఎన్నిసార్లు చేసినా వెనక వరసకు ఎక్కలేదు. ఒకరోజు అక్కడి పిల్లవాడే ముందుకొచ్చి 35 అని రాశాడు. నేను ఏమీ అనలేదు. వాడు బోర్డు వైపే చూసి, "రెండులో ఏడు పోదు సార్, పక్కింట్ల పది అప్పు తెస్తా" అని చెరిపి 25 వేశాడు. అప్పుడు క్లాసంతా వాడి చేతినీ చూసింది, నా ముఖాన్నీ చూసింది. తప్పు రాస్తే సార్ ఏం చేస్తాడో ఆ రోజు తేలిపోయింది. వెనక వరసలో ముగ్గురు చేతులెత్తారు.

షంక్, హాన్సన్ అనే పరిశోధకులు 1985లో ఇలాంటి తీసివేతల మీదే పరిశోధించారు. టీచరు చేస్తుంటే చూసినవాళ్ల కన్నా, తోటి పిల్లవాడు నేర్చుకోవడం చూసినవాళ్లకు తమ మీద నమ్మకం ఎక్కువ పెరిగింది, లెక్కలూ బాగా వచ్చాయి.

జూన్‌లో బడులు తెరుస్తారు. తడబడే పిల్లల చేతికి చాక్‌పీసు ఇవ్వండి. పక్కనే నిలబడండి. వాళ్లు తప్పు రాసినప్పుడు మీ ముఖం ఎట్లా ఉందో క్లాసంతా చూస్తుంటుంది, మరిచిపోకండి.